వర్ణము వేరు, గుణము వేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రామ గ్రంథాలయమునకు వచ్చు వార్తాపత్రికలలో పెద్దలు మిక్కిలి శ్రద్ధతో చూచు పుటలలో వివాహ ప్రకటనల పుట యొకటి. అందు వధువు చదువు, వయస్సు, ఎత్తు చెప్పిన పిమ్మట తెలుపనియో, ఎరుపనియో, చామనచాయ యనియో ఒక మాట తరచుగా కనబడును. మరికొన్ని పుటలు త్రిప్పినచో ముఖమునకు పూసికొను లేపనముల ప్రకటనలుండును. మొదటి ప్రకటన కొరతను చెప్పును. రెండవది ఆ కొరతకు మందు చూపును. ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నది ఆడపిల్లల ముఖచర్మము, నేడు మగపిల్లలదియును.

చర్మము మేలైనదా కాదా యని పరీక్షించి నిర్ణయించు విద్య యొకటి కలదు. చర్మవైద్యమున సౌందర్యమునకు సంబంధించిన శాఖ దానిని గడచిన యేబది సంవత్సరములలో ఎంతయో పెంపొందించినది. ఆ విద్య చెప్పునది శ్రద్ధగా వినినచో పైరెండు ప్రకటనలును ఒకే పొరపాటుమీద నిలిచియున్నవని తేటపడును. చర్మముయొక్క రంగునే చర్మముయొక్క గుణముగా నెంచుట ఆ పొరపాటు. దానివలన కలుగుచున్న నష్టము చిన్నది కాదు. కావున ఆ రెంటిని వేరుచేసి చూపుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

పూర్వుల పరిశీలన

చరకసంహిత ఇంద్రియస్థానమున దేహముయొక్క సహజవర్ణములు నాలుగు చెప్పబడినవి: కృష్ణము, శ్యామము, శ్యామావదాతము, అవదాతము. నలుపు ఆ నాలుగింటిలో మొదట లెక్కింపబడినది. వీనిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యను మాట లేదు. ఆ వెంటనే వికృతవర్ణముల పట్టిక కలదు. క్రొత్తగా దేహమున పుట్టినచో అవి కీడునకు సూచనలు. నీలము, తామ్రము, హరితము మొదలగువానితోపాటు శుక్లవర్ణమును ఆ పట్టికలో నున్నది. తెలుపునకై తహతహపడువారు గమనింపవలసిన సంగతి యిది. ప్రభ యనునది వర్ణముకంటె వేరైనదనియు, ఏ వర్ణమునైనను వెలిగించునది ప్రభయే యనియు ఆ గ్రంథకారుని మతము.

అదే సంహిత విమానస్థానమున త్వక్సారుని, అనగా శ్రేష్ఠమైన చర్మము గలవాని లక్షణములు వర్ణింపబడినవి. చర్మము స్నిగ్ధమై, నునుపై, మృదువై, నిర్మలమై, సన్నని కొలదిపాటి రోమములు గలదై, కాంతితో కూడియుండవలెను. ఈ పట్టికను ఎన్నిసార్లు చదివినను అందొక్క రంగు పేరైనను దొరకదు. వ్యాసభారతమున కృష్ణయని పిలువబడిన ద్రౌపది నల్లని మేనిదే. ఆమె సౌందర్యమునకు ఆ నలుపు కొరతయని యెవరును అనలేదు.

సుశ్రుతసంహిత శారీరస్థానము చర్మమునకు ఏడు పొరలు చెప్పినది. పైదాని పేరు అవభాసిని. వర్ణములన్నిటిని ప్రకాశింపజేయునది యదియే. ఒక్కొక్క పొర మందమును వ్రీహిగింజను ప్రమాణముగా పెట్టుకొని కొలిచినారు. ఏడవ పొర రెండు వ్రీహుల మందమట. ఈ కొలతలు కండగల చోట్లకే గాని, నుదుటికిని సన్నని వ్రేళ్లకును చెల్లవనికూడ అచ్చటనే హెచ్చరించినారు. శరీరమున ఏ చోటి చర్మమును కొలిచితిమో చెప్పక కొలత మాత్రము చెప్పరాదను నియమమును నేటి వైద్యులు నేటికిని పాటించుచున్నారు.

చర్మ నిర్మాణము

ఆధునిక శాస్త్రము చర్మమును ముఖ్యముగా రెండు భాగములు చేసినది. పైది బాహ్యచర్మము, దాని క్రిందిది అంతశ్చర్మము. ఆ క్రింద కొవ్వుపొర యుండును. పెద్దవారి చర్మమును పరచినచో ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల వైశాల్యముండును.

బాహ్యచర్మపు అడుగున పుట్టిన కణములు క్రమముగా పైకి జరిగి, చచ్చి, రేకులవలె పేర్చబడి, తుదకు రాలిపోవును. యౌవనమున ఈ ప్రయాణము రమారమి ఒక మాసము పట్టును. వయస్సు మీరినకొలది ఆలస్యమగును. పైనున్న మృతకణముల పొర ఇటుకల గోడవంటిది. ఇటుకల నడుమ సున్నమువలె కొవ్వుపదార్థములుండి, లోని తేమను బయటికి పోనీయక, బయటి విషమును లోనికి రానీయక కాపాడును. అంతశ్చర్మమున కొల్లాజెన్ అను పోగులు బలమును, ఎలాస్టిన్ అను పోగులు సాగి మరల ముడుచుకొను శక్తిని ఇచ్చును.

రంగు నిచ్చునది మెలనిన్. దీనిని తయారుచేయు కణములు బాహ్యచర్మపు అడుగున నుండును. తెల్లవారికిని నల్లవారికిని శరీరమున ఒకేచోట ఈ కణముల సంఖ్య దాదాపు సమానమే. అవి తయారుచేయు రేణువుల పరిమాణమునందును, జాతియందును, పరచుకొను తీరునందును మాత్రమే భేదము. ఈ రేణువులు కణకేంద్రకములకు గొడుగు పట్టినట్లు నిలిచి ఎండనుండి కాపాడును. 1979లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఎండ కమరజేయు కిరణములనుండి నల్లవారి బాహ్యచర్మమిచ్చు రక్షణ సగటున 13.4గా తేలినది; తెల్లవారిది 3.4 మాత్రమే. ఎండదేశమున పుట్టినవారికి ప్రకృతి యిచ్చిన ఈ గొడుగును డబ్బిచ్చి చింపుకొనుట ఎంతటి విపరీతమో ఊహింపదగును.

నాలుగు గుణములు

2021లో పలు దేశముల వైద్యులు కూడి చర్మగుణమును గూర్చి ఏకాభిప్రాయ పత్రమొకటి ప్రకటించిరి. చూచువాని కంటికి తోచు గుణములనన్నిటిని వారు నాలుగు వర్గములలో చేర్చిరి.

మొదటిది రంగుయొక్క సమత. చర్మము తెల్లగానున్నదా నల్లగానున్నదా అను ప్రశ్న ఇచ్చట లేదు. ఒకే తీరుగా నున్నదా అనునదే ప్రశ్న. మంగుమచ్చలు, మొటిమలు మానిన పిమ్మట మిగిలిన నల్లమచ్చలు, కంటిక్రింది నలుపు, అక్కడక్కడ ఎరుపు ఈ సమతను చెరచును. రెండవది ఉపరితలముయొక్క సమత. ముడతలు, రంధ్రముల పెద్దదనము, మొటిమల గుంటలు, గరుకుదనము దీనిక్రిందికి వచ్చును. మూడవది బిగువు. పట్టి వదలినపుడు చర్మము తిరిగి తన చోటికి చేరు శక్తియు, జారక నిలుచుటయు దీని లక్షణములు. నాలుగవది కాంతి. నునుపైన, తేమగల చర్మము తనపై బడిన వెలుతురును సమముగా తిరుగగొట్టును. ఎండి పగిలినది చెదరగొట్టును. చామనచాయ మేని మీద ఎండుదనము బూడిద చల్లినట్లు కనబడుట అందరెరిగినదే.

ఇది నేల తరము కట్టు పద్ధతిని స్ఫురింపజేయును. పూర్వము మద్రాసు రాజధానిలో రైత్వారీ సెటిల్మెంటు జరిగిన కాలమున, నేల నల్లరేగడియా ఎర్రనేలయా అని వ్రాసికొన్నంత మాత్రమున శిస్తు నిర్ణయము కాలేదు. అందు బంక యెంత, ఇసుక యెంత, సారము ఉత్తమమా అధమమా, నీటి ఆధారమేది అను విషయములన్నియు విచారించి గాని తరము వేయలేదు. రేగడిలోను చవుడు కలదు, ఎర్రనేలలోను బంగారము పండును. రంగు ఒక్క గడి మాత్రమే. ఆ ఒక్క గడి నింపి తక్కినవి ఖాళీగా వదలిన లెక్కను ఏ అధికారియు అంగీకరింపడు. వివాహ ప్రకటనలలో మాత్రము అట్టి లెక్కయే చెల్లుచున్నది.

పరీక్షా విధానము

తెలిసిన వైద్యుడు ముఖమును చూచుటకు ముందు చెవులతో పరీక్షించును. వయస్సు, వృత్తి, ఎండలో నిలుచు కాలము, పొగాకు, నిద్ర, వాడుచున్న మందులు, స్త్రీలయందు గర్భము, అన్నిటికంటె ముఖ్యముగా ముఖమునకు ఇంతకుముందు పూసినదేమి అని యడుగును. పిమ్మట ముఖము కడిగించి, పౌడరు మొదలగునవి లేకుండ, ఇరువది ముప్పది నిమిషములు చల్లని గదిలో కూర్చుండబెట్టును. ఎండలో నడచివచ్చిన ముఖపు ఎరుపును, చెమట తడిని చూచి తీర్పు చెప్పరాదు గదా. ఛాయాచిత్రము తీసినచో ఒకే వెలుతురున, ఒకే దూరమున, ఎదుటినుండియు ఇరుప్రక్కలనుండియు తీయును. ఆరు మాసముల తరువాత తీసినదానితో పోల్చుటకు ఈ నియమము తప్పనిసరి.

అటుపిమ్మట చేతితో తాకి గరుకును, నొక్కి బిగువును తెలిసికొనును. క్రింది కనురెప్పను మెల్లగా లాగి వదలినచో అది ఎంత త్వరగా తన స్థానమునకు చేరునో చూచుట పాత పద్ధతియైనను నమ్మదగినది. యంత్రములును కలవు. విద్యుత్తును నిలుపుకొను శక్తిని బట్టి పైపొర తేమను కొలుచునది యొకటి. చర్మమును రెండు మిల్లీమీటర్ల రంధ్రములోనికి పీల్చి వదలి సాగుదలను కొలుచునది వేరొకటి. చర్మమునుండి ఆవిరియై పోవు నీటిని లెక్కించి, పైన చెప్పిన గోడలో బీటలున్నవో లేవో తెలుపునది ఇంకొకటి.

అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేర వుడ్ దీపము ప్రసిద్ధి కెక్కినది. చీకటిగదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ముఖముపై ప్రసరింపజేసినచో, బాహ్యచర్మమున నున్న మంగు మరింత స్పష్టపడును. అంతశ్చర్మమునకు దిగిన మంగు అట్లు స్పష్టపడదు. మొదటిది కొంత సులభముగా లొంగును, రెండవది మొండిది. అయితే మిక్కిలి నల్లని చర్మముపై ఈ దీపపు సాక్ష్యము అంత నమ్మదగినది కాదు.

సౌందర్యమును గూర్చి తీర్పు చెప్పుటకు పూర్వము రోగము లేదని తేల్చుకొనుట వైద్యుని ప్రథమ ధర్మము. కొందరి మెడవెనుక చర్మము మందమై, ముఖమల్‌వలె నల్లబడును. తల్లులు దానిని మురికి యనుకొని పీచుతో తోముదురు. అది మురికి కాదు. అధికబరువును, మధుమేహమునకు దారితీయు లోపమును తరచుగా సూచించు గుర్తు. ఇట్లే పిల్ల తెల్లబడినదని యింటివారు సంతోషించుచుండగా అది రక్తహీనతవలని పాలిపోవుట కావచ్చును.

కొలబద్దల హద్దులు

చర్మమును తెగలుగా విభజించు కొలబద్దలు పెక్కు కలవు. వానిలో ఎక్కువ ప్రసిద్ధమైనది హార్వర్డు ఆచార్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఏర్పరచినది. సొరియాసిస్ రోగులకు అతినీలలోహిత చికిత్స చేయునపుడు ఎంత మోతాదు ఇచ్చిన చర్మము కమరకుండునో తెలియుటకై అది పుట్టినది. ఎండకు చర్మము కమరునా, నల్లబడునా అనునదే అందలి ప్రశ్న. తొలుత తెల్లవారి చర్మమునకే నాలుగు తెగలు చేసి, తరువాత గోధుమ, నలుపు వర్ణములకై ఐదవ ఆరవ తెగలు చేర్చిరి. భారతీయులలో చాలమంది నాలుగు, ఐదు తెగలలో చేరుదురు. ఈ అంకెలు ప్రమాదపు హెచ్చరికలే గాని మార్కులు కావు. ఆరవ తెగ ఒకటవ తెగకంటె తక్కువది కాదు.

ముడతలను బట్టి వయస్సు తెలుపు గ్లోగౌ విభాగము మరియొకటి. ముడతలు లేకుండుట, ముఖము కదలినపుడే కనబడుట, కదలకున్నను కనబడుట, ముఖమంతయు ముడతలే యగుట అని అందు నాలుగు మెట్లు. ఇదికూడ తెల్లని చర్మమును చూచి కట్టినదే. చామనచాయ వారిలో ముడతలకంటె ముందు మచ్చలును, రంగుయొక్క అసమతయు కనబడును. కావున ముడతలు లేవని ఎండ బాధ లేదనుకొనరాదు. నల్లని చర్మముపై ఎరుపు స్పష్టముగా కనబడదు గనుక, వేడిని తాకియు, వాపును చూచియు వైద్యుడు తెలిసికొనవలెను. ఘాటైన రసాయనములుగాని, లేజరుగాని మోతాదు మించినచో ఇట్టి చర్మము మానుచునే నల్లమచ్చలు వేయును. ఏ కొలబద్ద ఎవరి చర్మముపై తయారైనదో తెలిసికొనక వాడుట, ఒక ఊరి కొలగొలుసుతో వేరొక ఊరి పొలము కొలుచుటవంటిది.

గుణమును చెరచువానిలో ఎండయే ప్రథమము. 2012లో అమెరికాలోని యొక వైద్యపత్రిక 69 సంవత్సరముల లారీ డ్రైవరు ఛాయాచిత్రము ప్రచురించినది. అతడు 28 సంవత్సరములు సరకుల బండి నడిపినాడు. ఆ దేశమున డ్రైవరు ఎడమవైపు కూర్చుండును గనుక, కిటికీ అద్దమునుండి వచ్చిన ఎండ అతని ఎడమచెంపపైనే పడినది. కుడిచెంప వయస్సునకు తగినట్లుండగా, ఎడమచెంప దట్టమైన ముడతలతో జారిపోయి యున్నది. తలిదండ్రులవారే, తిండి యదే, వయస్సు అదే. రెండు చెంపలకు నడుమ భేదము ఎండ మాత్రమే. కమరజేయు కిరణములను అద్దము ఆపినను, లోతునకు పోయి కొల్లాజెన్‌ను నరకు కిరణములను ఆపలేదు.

తప్పు లెక్కకు చెల్లించుచున్న మూల్యము

ఒక యింట పెండ్లిచూపులు రెండుమూడు తప్పిపోయినవి. పిల్ల రంగు తక్కువన్న మాట ఎవరో అన్నారు. తల్లి మందుల దుకాణమునకు పోయి చిన్న ట్యూబు తెచ్చినది. పదునైదు దినములలో ముఖము తేటపడినది, ఇల్లంతయు సంతోషించినది. మూడు మాసములకు మొటిమలు లేచినవి, చెంపలపై ఎర్రని నరములు దారములవలె కనబడినవి, ముఖమున రోమములు పెరిగినవి. మందు మానగా ముఖము మంటలు పుట్టి ఎరుపెక్కినది. ఓర్వలేక మరల అదే పూసినది. ఈ కథ ఏ ఊరిదని యడుగ నక్కరలేదు. చర్మవైద్యులు దీనిని నిత్యము వినుచున్నారు.

ఆ ట్యూబులోనిది స్టెరాయిడు. అది రక్తనాళములను ముడిచి, మెలనిన్ తయారీని అణచి, మొదట తెల్లదనపు భ్రమ కల్పించును. లోలోపల చర్మమును పలుచన చేయును. భారతదేశమున పండ్రెండు వైద్యకేంద్రములలో జరిగి 2011లో ప్రకటింపబడిన పరిశీలనలో, ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖమునకు స్టెరాయిడు పూయుచున్నట్లు తేలినది. వారిలో 257 మంది వైద్యుడు కానివారి సలహాపై మొదలుపెట్టినవారు. ఆ 257 మందిలో 232 మంది వాడినది తీవ్రమైన తరగతి మందు. తెలుపు కొరకు, లేదా సాధారణ లేపనముగా వాడుటయే అన్నిటికంటె హెచ్చుగా కనబడిన కారణము.

2018లో కేంద్ర ప్రభుత్వము 14 స్టెరాయిడు లేపనములను షెడ్యూలు హెచ్ లో చేర్చి, వైద్యుని చీటి లేక అమ్మరాదని శాసించినది. శాసనము మంచిదే. అయినను అడుగువాడున్నంత కాలము అమ్మువాడు ఉండును.

పాదరసము కలిసిన లేపనములు ఇంకను భయంకరములు. 2021 జులై మొదలు 2023 సెప్టెంబరు వరకు కేరళలో ఒకచోట మూత్రపిండముల వడపోత చెడి వచ్చిన 22 మంది రోగులను వైద్యులు పరిశీలించిరి. వారిలో 15 మందికి ఒక అరుదైన తెగ వ్యాధి కనబడినది. ఆ 15 మందిలో 13 మంది తెల్లదనపు లేపనములు వాడినవారు. ముఖమున పూసినది మూత్రపిండమున తేలినది.

పేర్లు మారుచున్నవి. 1975లో మార్కెటునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయినది. అనగా తెలుపు అను మాట పోయి కాంతి అను మాట వచ్చినది. ప్రజల మనస్సులలోను ఆ మార్పు జరిగినపుడే అది సార్థకమగును.

గృహస్థులు గమనింపవలసినవి

బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అను పేర్లు ట్యూబుపై నున్నచో అది స్టెరాయిడు. స్టెరాయిడు స్వతః విషము కాదు. గజ్జి వేరు తామర వేరు అని యెరిగిన వైద్యుని చేతిలో అది గొప్ప మందు. తెలియనివాని చేతిలో కత్తి. ఇప్పటికే చాలకాలము వాడుచున్నవారు భయపడి ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని చూచి ఆయన చెప్పిన క్రమమున విడువవలెను. లోన ఏమున్నదో వ్రాయని డబ్బాను ముఖమునకు తాకనీయరాదు.

చర్మగుణమును నిలుపు ఉపాయములు చవుకైనవి. ఉదయము పది మొదలు సాయంకాలము నాలుగు వరకు ఎండ తీవ్రము. పొలమున తలగుడ్డయు, దారిలో గొడుగును మరువరాదు. మంగు గలవారు వైద్యుడు చెప్పిన ఎండరక్షక లేపనమును ప్రతిదినము పూయవలెను. మొటిమలను గిల్లరాదు. స్నానము చేసిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే కొంచెము నూనెగాని, తేమ నిలుపు సాధారణ లేపనముగాని రాసినచో గోడ బీటలు పూడును. పొగాకు మానవలెను. పుట్టుమచ్చ పెరిగినను, రంగు మారినను, పుండు మానకున్నను సౌందర్యము మాట అటుంచి వైద్యుని వెంటనే చూడవలెను.

పిల్లకు అద్దము చూపి నీవు నల్లగానున్నావని చెప్పుటకు మారుగా, నీ చర్మము నిర్మలముగా నున్నదా, నునుపుగా నున్నదా, మచ్చలు లేక వెలుగుచున్నదా అని చూడవలెను. అట్లు చూచినచో పొలమున పనిచేసి వచ్చిన నల్లని పిల్లయందును త్వక్సార లక్షణములు కనబడును. వానిని చెరపకుండ కాపాడుటయే పెద్దలు చేయవలసిన పని. చరకుని పట్టికయును, నేటి వైద్యుల పట్టికయును ఈ విషయమున ఒక్కమాటయే పలుకుచున్నవి.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయపు బల్లపై వార్తాపత్రికలును, బీరువాలలో పూర్వుల గ్రంథములును ఒకే కప్పుక్రింద నున్నవి. ప్రకటన చదివిన కన్ను లేచి నాలుగడుగులు నడచి ఆ బీరువా తలుపు తెరచినచో, ఈ గ్రామమున ఒక్క పిల్ల ముఖమైనను చెడకుండ మిగులును. అంతకంటె రజతోత్సవమునకు వేరు ఫలమేమి కావలెను?

స్వస్తి.